“ఆవు బ్రష్ చేస్తుందా?” అని ఎదురడిగే పిల్లోడికి ఏం చెప్పాలి

అమ్మా, మీరు రాసినదాంట్లో మూడు సంగతులున్నాయి. మీ ఆరేళ్ళ బాబు బ్రష్ చూస్తే పారిపోతున్నాడు, “మన ఆవు తోముకుంటుందా, టామీ తోముకుంటుందా” అని ఎదురు అడుగుతున్నాడు, మీ మామగారు వేపపుల్ల చాలంటూ వాడికే వత్తాసు పలుకుతున్నారు. ఇది ఒకటి. వాడి దవడ పన్ను నల్లబడింది, పాలపన్నే కదా వదిలేయొచ్చా అన్నది రెండోది. మాటవరసకు రాసినట్టు, మీ కుక్క టామీ నోరు కంపు కొడుతోంది అన్నది మూడోది. నా లెక్కలో మొదటిదానికి జవాబు మూడోదాంట్లో చాలావరకు ఉంది.

నేను పశువైద్యుడిని. పలమనేరు, పుంగనూరు వైపు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి, రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. ఆవుల నోళ్ళు, గొర్రెల నోళ్ళు, కుక్కల నోళ్ళు చూడటం నా వృత్తి. మనుషుల పళ్ళు మా కోడలి వృత్తి. పిల్లల గురించి కింద రాసిన మాటలన్నీ ఆ అమ్మాయికి చూపించాకే ఇక్కడ పెడుతున్నాను.

మీ వాడి ప్రశ్నను కసురుకోకండి. మంచి ప్రశ్న. సంతలో దళారి ఎద్దు నోరు తెరిచి చూస్తాడు చూడండి, వాడు చూసేది వయసు. మన నాటు పశువుల్లో రెండు, రెండున్నర ఏళ్ళకు ముందు వైపు రెండు పాలపళ్ళు పోయి పెద్ద పళ్ళు వస్తాయి. మూడేళ్ళ ప్రాంతంలో నాలుగు, నాలుగేళ్ళ లోపల ఆరు, ఐదేళ్ళు వచ్చేసరికి ఎనిమిదీ నిండుతాయి. బండలాగుడు పందేల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అని మైకులో చెప్పేది ఈ లెక్కనే. బాబును ఒకసారి ఆవు దగ్గరికి తీసుకెళ్ళి పై పెదవి ఎత్తి చూపించండి. పైన ముందు పళ్ళే ఉండవు, గట్టి చిగురు మెత్త ఉంటుంది. గడ్డిని నాలుకతో చుట్టి, కింది ఎనిమిది పళ్ళకూ ఆ మెత్తకూ మధ్య పట్టి తెంపుతుంది. లోపల దవడ పళ్ళు పైన పన్నెండు, కింద పన్నెండు. మొత్తం 32. పాలపళ్ళు 20. మన లెక్కా అంతే! ఈ సంగతి చెబితే పిల్లలు నోరెళ్ళబెడతారు.

మరి లెక్క ఒకటే అయినప్పుడు ఆవుకు పిప్పి పళ్ళు ఎందుకు రావు? ఎప్పుడూ రావని కాదు గానీ, అరుదు. దానికి పెద్ద కారణం లాలాజలం. పెద్ద ఆవుకు రోజుకు వంద లీటర్లకు పైగానే ఊరుతుంది. పొద్దంతా మేస్తుంది, పడుకుని గంటలకొద్దీ నెమరు వేస్తుంది, దవడ ఆడినంతసేపూ ఊరుతూనే ఉంటుంది. ఆ లాలాజలంలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది, అంటే మన వంటసోడాలో ఉండే సరుకే. కడుపులో పుట్టే ఆమ్లాన్ని అణచడానికి దేవుడు ఇచ్చిన ఏర్పాటు అది, నోటికీ పనికొస్తోంది. పైగా మేసేది పీచు ఉన్న గడ్డి. పంటికి అతుక్కుని కూర్చునే తీపి పదార్థం దాని తిండిలో దాదాపు లేదు.

మనకు రోజుకు ఊరేది అర లీటరు నుంచి లీటరున్నర. అందులోనూ నిద్రలో దాదాపు ఆగిపోతుంది. పగలు ఏదైనా తీపి తింటే నోట్లో పుట్టిన ఆమ్లాన్ని లాలాజలం అరగంట నుంచి గంటలో కడిగేస్తుంది. రాత్రి పూట కడిగే నీళ్ళే ఉండవు. అందుకని, రోజుకు ఒక్కసారే తోమించే ఓపిక ఉంటే ఆ ఒక్కసారీ రాత్రి పెట్టుకోండి అంటాను నేను. మన ఇళ్ళల్లో అందరం పొద్దున లేవగానే తోముతాం, రాత్రి పాలు తాగి పడుకుంటాం. నా కోడలికి దీని మీద నాకంటే కోపం ఎక్కువ. రెండు పూటలా తప్పదు అంటుంది.

ఇక తీపి సంగతి. ఇది కూడా జంతువుల దగ్గరే తేలింది. అమెరికాలో 1954లో ఫ్రాంక్ ఓర్లాండ్ అనే శాస్త్రవేత్తా ఆయన బృందమూ ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకలకు పళ్ళు పుచ్చిపోయేంత చక్కెర తిండి పెట్టారు. ఒక్కదానికీ పన్ను పుచ్చలేదు. అదే తిండి తిన్న మామూలు ఎలుకలకు పుచ్చాయి. తర్వాత 1960లో పాల్ కీస్ అనే శాస్త్రవేత్త హ్యామ్‌స్టర్లు అనే ఎలుకలాంటి జంతువుల మీద ఇంకో సంగతి చూపించాడు: పిప్పి పళ్ళు లేని వాటిని పిప్పి పళ్ళున్న వాటితో కలిపి ఉంచితే, వీటికీ అంటుకుంది. పన్ను పుచ్చాలంటే నోట్లో ఆ క్రిములూ ఉండాలి, వాటికి మేత కూడా అందాలి. అవి చక్కెర తిని ఆమ్లం వదులుతాయి, ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. ఈ క్రిములు పసిపిల్లలకు ఎక్కువగా అమ్మ నోటి నుంచే వస్తాయి. అన్నం ముద్ద మనం రుచి చూసి అదే చెంచాతో పెట్టడం, పాలపీక మన నోట్లో పెట్టి తుడిచి ఇవ్వడం లాంటివి. అలాగని బిడ్డను ముద్దు పెట్టుకోవద్దని నేను చెప్పను. ముందు మీ నోట్లో పిప్పి పళ్ళుంటే మీరు బాగు చేయించుకోండి, అది మేలు.

ఎంత తీపి తిన్నాడన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1945 తర్వాత కొన్నేళ్ళు దీన్ని మనుషుల మీదే పరీక్షించారు. అక్కడున్న మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ మీద, వాళ్ళ సమ్మతి లేకుండా చేశారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పదు. అందులో తేలిందేమంటే, భోజనంతో పాటు తిన్న చక్కెర పళ్ళను పెద్దగా చెరపలేదు, భోజనాల మధ్యలో ఇచ్చిన జిగట టాఫీలు విపరీతంగా చెరిపాయి. మనది బెల్లం పండే జిల్లా. ఇంట్లో బెల్లం ముద్ద, పప్పుండ, తిరుమల నుంచి వచ్చిన లడ్డు ఎప్పుడూ ఉంటాయి. లడ్డు పెట్టొద్దని ఎవరు చెప్పగలరు? మధ్యాహ్నం అన్నంతో పాటు పెట్టేయండి, నీళ్ళు పుక్కిలించమనండి. డబ్బా వాడి చేతికిచ్చి, సాయంత్రం దాకా గిల్లుకుంటూ తిననివ్వడం మాత్రం వద్దు. బెల్లం చక్కెర కంటే మంచిదన్న మాట పళ్ళ విషయంలో చెల్లదు. క్రిములకు రెండూ మేతే, పైగా బెల్లం అతుక్కుంటుంది.

మీ వాడికి ఇంకో ప్రశ్న తట్టొచ్చు, “పోతే పోనీ, మళ్ళీ మొలుస్తుందిలే” అని. దానికి ఏనుగు కథ చెప్పండి. కౌండిన్య అడవి నుంచి చెరుకు తోటల్లోకి దిగే ఏనుగులకు దంతాలు అని మనం అనేవి నిజానికి పై ముందు పళ్ళు. నమిలేవి వేరే ఉంటాయి. ఒక్కో దవడ పక్కన జీవితకాలంలో ఆరు, వంతులవారీగా వస్తాయి. మనకు కొత్త పన్ను కిందనుంచి తోసుకొస్తుంది. ఏనుగుకు వెనక నుంచి మొలిచి, తిరుమల క్యూలో జనం జరిగినట్టు ముందుకు జరుగుతుంది. ముందున్నది అరిగి ముక్కలై రాలిపోతుంది. అరవై ఏళ్ళ ప్రాంతంలో ఆఖరి వరుస కూడా అరిగిపోతే నమలలేదు. అడవిలో ముసలి ఏనుగు తిండి లేక చిక్కి చనిపోవడానికి ఇదొక కారణం.

మొసలికి ఊడిన ప్రతిసారీ కొత్తది వస్తూనే ఉంటుంది. షార్కుకూ అంతే. ఎలుక, కుందేలు ముందు పళ్ళు ఆగకుండా పెరుగుతాయి, కొరికి కొరికి అరగదీసుకోవాలి. ఇంట్లో కుందేలును పెంచేవాళ్ళు బిస్కెట్లు, మెత్తటి కూరగాయలు పెట్టి గడ్డి మానేస్తారు, అప్పుడు పళ్ళు వంకర తిరిగి నోరు మూయలేని స్థితిలో నా దగ్గరికి తెచ్చేవారు.

మనకు రెండు జతలే, ఆవుకు లాగా. పాలవి 20, పెద్దవి 32, ఆ తర్వాత మొలవవు. ఎనామిల్ అనే పై పొర ఒంట్లో అన్నిటికంటే గట్టిది, కానీ దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పోతాయి. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్‌కు గుంట పడితే ఇక పూడదు. గుంట పడకముందు, తెల్ల మచ్చగా ఉన్న దశలో మాత్రం లాలాజలంలోని ఖనిజాలూ ఫ్లోరైడూ కలిసి కొంత వెనక్కి తేగలవు.

అడవి జంతువుల పళ్ళు చెడవు అనుకోవడం మన భ్రమ. చెడినవి మనకు కనబడవు, అంతే. పన్ను పోయిన జంతువు వేటాడలేదు, మేయలేదు, చచ్చిపోతుంది. 1907లో కుమావూఁ కొండల్లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన, మనుషులను తినే చంపావత్ ఆడపులికి కుడివైపు కోరపళ్ళు, పైదీ కిందిదీ, విరిగిపోయి ఉన్నాయి, ఎప్పుడో తుపాకి దెబ్బ తగిలి. దాని సహజమైన ఆహారాన్ని అది పట్టలేకపోవడానికి అదే కారణమని ఆయన భావించాడు. తేనె, పళ్ళు తినే ఎలుగుల్లో పిప్పి పళ్ళు ఉన్నట్టు కూడా గమనించారు. మన శేషాచలం కొండల్లో తిరిగే ఎలుగుకు పైన మధ్యలో రెండు ముందు పళ్ళు పుట్టుకతోనే ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను జుర్రుకుంటుంది. అది జబ్బు కాదు, దాని తీరు.

గొర్రెల కాపరులకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. ముందు పళ్ళు ఊడిన గొర్రె పొట్టి గడ్డి తెంపలేదు, ఎంత మేపినా ఎండిపోతుంది, అందుకే ముందే అమ్మేస్తారు. మనం ఒక తాతను అలా వదిలేయం కదా. డెబ్బై ఎనభై ఏళ్ళు బతకాలి, ఆరేళ్ళకు మొలిచిన పన్నుతో.

ఇప్పుడు టామీ. కుక్కకు పాలపళ్ళు 28, పెద్దవి 42. పిప్పి పళ్ళు తక్కువ. దాని పళ్ళు చాలావరకు కొనదేలి ఉంటాయి, తిండి ఇరుక్కునే గుంటలు తక్కువ. లాలాజలం మనకంటే క్షారగుణం ఉన్నది కాబట్టి ఆమ్లం నిలవదు. ఇక్కడిదాకా మీ వాడిదే పైచేయి. కానీ ఆ క్షారగుణమే ఇంకో చిక్కు తెస్తుంది. పంటి మీద పేరుకున్న మెత్తటి పాచి త్వరగా గట్టిపడి గార అవుతుంది. గార చిగురు కిందికి దిగుతుంది, చిగురు ఎర్రబడి వాచి, రక్తం కారి, చివరికి పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. మూడేళ్ళు దాటిన కుక్కల్లో ఎక్కువవాటికి ఎంతో కొంత ఉండేది ఇదే. నా దగ్గరికి వచ్చిన కుక్కల యజమానుల్లో చాలామంది “కుక్క నోరు కంపు కొట్టక ఏం చేస్తుంది సార్” అనేవాళ్ళు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోరు అంత కంపు కొట్టదు. కాబట్టి బాబును పక్కన కూర్చోబెట్టుకుని మీరు టామీ పెదవి ఎత్తి, వెనక పళ్ళ మీద పసుపు గోధుమరంగు పెచ్చు చూపించండి. “తోముకోకపోతే ఇదీ సంగతి” అని మీరు అనక్కర్లేదు, వాడే అంటాడు.

టామీని తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, దగ్గరలోని పశువైద్యుడి దగ్గరికో తీసుకెళ్ళండి. గార తీయాలంటే మత్తు ఇచ్చి తీస్తారు. ఇంట్లో గోటితోనో చాకుతోనో గీకొద్దు. పళ్ళు శుభ్రమవుతాయని గట్టి బొమికలు వేయడం మన అలవాటు, వాటి వల్ల పై దవడలోని పెద్ద పన్ను నిలువునా చీలిన కుక్కలు నేను చాలా చూశాను. వారంలో ఎక్కువ రోజులు తడి గుడ్డ వేలికి చుట్టి తుడిచినా మేలే, అదీ పెద్దవాళ్ళే చేయాలి. మన పేస్టు కుక్కకు వాడకండి. కొన్నిట్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం. ఇంకో మాట: వీధి కుక్కకు గానీ, ఆవుకు గానీ చొంగ కారుతూ మింగలేకపోతుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని చెయ్యి పెట్టకండి. రేబీస్ కావచ్చు. డాక్టరును పిలవండి.

మీ మామగారి వేపపుల్ల సంగతి. ఆయనతో గొడవ వద్దు, వేపపుల్ల మంచిదే. చివర నమిలి కుచ్చు బాగా మెత్తగా చేసుకుని, చిగురుకు గుచ్చుకోకుండా వాడితే పాచి పోతుంది. చిక్కు ఏమంటే లోపలి వైపుకూ, వెనక దవడ పళ్ళకూ అది సరిగా అందదు, ఆరేళ్ళ వాడి చేతికి అసలే అందదు. బొగ్గు, కచ్చిక బూడిద, ఇటుక పొడి, ఉప్పు రాళ్ళతో గట్టిగా రుద్దడం మాత్రం మాన్పించండి. ఇసుక నేలల్లో పొట్టి గడ్డి మేసే పశువుల పళ్ళు మట్టితో పాటు నమిలి నమిలి తొందరగా అరుగుతాయి. వాటి దవడ పళ్ళు ఆ అరుగుదలను తట్టుకునేలా ఎత్తుగా, లోతుగా ఉంటాయి. మన పన్నుకు ఆ ఎత్తు లేదు.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండొచ్చా అని మన రాయలసీమలో చాలామంది అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైన ఊళ్ళలో పిల్లల పళ్ళ మీద గోధుమ చారలు, ఆవుల పళ్ళ మీదా అవే చారలు ఉంటాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే మొదట వివరంగా రాశారు. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ ఊరి నీళ్ళు పరీక్ష చేయించకపోతే చేయించండి. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు మింగిన ఫ్లోరైడ్ ఎక్కువైతే చెరుపు, బయటికి వచ్చాక పై పూతగా తగిలేది మేలు. షార్కు పంటి పైపొర పుట్టుకతోనే ఫ్లోరైడ్ కలిసిన ఖనిజం, ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. ఆరేళ్ళ పిల్లవాడికి బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మేయాలి. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా పిండొద్దు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తోమే పని మీదే. వాడు తోముకున్నాక మీరు వెనక పళ్ళు మళ్ళీ ఒకసారి తోమండి.

ఇక ఆ నల్ల పన్ను. ముందు వైపు పాలపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, కానీ దవడ పాలపళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అంటే మీరు వదిలేద్దామనుకుంటున్న పన్నుతో వాడు ఇంకా నాలుగైదేళ్ళు నమలాలి. పాలపంటి ఎనామిల్ పలచన, పుచ్చు లోపలికి తొందరగా దిగుతుంది. వేరు దాకా చీము పడితే కింద తయారవుతున్న పెద్ద పన్ను మచ్చతోనో, గుంటతోనో రావచ్చు. ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు: ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళ వరుస వెనక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు మూలలా నాలుగు పెద్ద దవడ పళ్ళు మొలుస్తాయి. ఊడలేదు కాబట్టి పాలపళ్ళే అనుకుంటారు. అవి శాశ్వతం. నల్లబడింది ఆ నాలుగింటిలో ఒకటేమో ముందు చూడండి: ముందు మధ్య గీత నుంచి ఒక పక్కకు లెక్కపెడితే ఆరోది అయితే అది పెద్ద పన్నే. ఐదోదో నాలుగోదో అయితే పాలపన్ను. ఏదైనా సరే ఈ వారంలోనే చూపించండి, పెద్దాసుపత్రిలో దంత విభాగం ఉంటే అక్కడైనా సరే. ఆరోది బాగుంటే దాని గుంటల్లో రక్షణ పూత వేయమని అడగండి, నొప్పి లేని పని. నల్లది పాలపన్నయితే నింపడమో, లోపల శుభ్రం చేసి పైన తొడుగు వేయడమో చేస్తారు. తీయక తప్పదంటే, కొత్త పన్ను వచ్చేదాకా ఆ ఖాళీ మూసుకుపోకుండా చిన్న తీగ అమరుస్తారా అని అడగండి, లేకపోతే పక్క పళ్ళు ఒరిగి వచ్చేదానికి చోటు ఉండదు. ఈలోపు చిగురు మీద చీము పొక్కు లేచినా, బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే తీసుకెళ్ళండి.